ఆ ఎద్దుకి ఐదు కాళ్లే ఉంటాయి

సంపాదకులు గారికి,

నమస్కారం అండీ. పోయిన ఆదివారం మీ అనుబంధంలో గుంటూరు, విజయవాడ పాత ఇళ్ల గోడలకు వేలాడుతున్న పటాల మీద ఒక పేజీ వేశారు, అందులో కింద ఎడమవైపు ఫొటో మా ఇంట్లో తీసిందే. మా పేరూ వీధీ వెయ్యొద్దన్నాను, వెయ్యలేదు, అంతవరకు థాంక్స్. కానీ ఫొటో కింద రాసిన నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నిలిచేది లేదు. తైలవర్ణ చిత్రం అన్నారు, కాదు. గుస్తావ్ డోరే అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిందన్నారు, కాదు. ఇక చివరి రెండు వాక్యాలు చదివి మా ఆవిడ పేపరు మడిచి పక్కన పడేసింది. బొమ్మ వేసినాయన బైబిల్ సరిగ్గా చదవలేదట, చేపకి చెవులు పెట్టాడట, మేకకి చీర కట్టాడట, సొరచెట్టు గీయమంటే ఏదో పిచ్చి తీగ గీశాడట, ఎద్దుకి ఏకంగా ఐదు కాళ్లు వేశాడట. పైగా లెక్కలు రాని చిత్రకారుడని ఒక చమత్కారం. విలేకరి అబ్బాయి మంచివాడే, కాఫీ తాగి పటం ముందు నిలబడి బాగుందండీ బాగుందండీ అన్నాడు, అప్పుడే కూర్చోబెట్టి చెప్పి ఉండాల్సింది నేను. చెప్పలేదు కాబట్టి ఇప్పుడు ఇంత పొడుగు ఉత్తరం. ఎక్కడ కోసుకున్నా పర్లేదు గానీ ఎద్దు కాళ్ల దగ్గర మాత్రం కొయ్యకండి.

ముందు బొమ్మలో ఏముందో చెప్తాను, ఎందుకంటే ఫ్లాష్ పడి మీ ఫొటోలో సగం తెల్లగా పోయింది. అది యోనా కథ. దేవుడు నీనెవె పట్టణానికి వెళ్లి చెప్పమంటే భయపడి ఇంకో దిక్కుకి ఓడెక్కినవాడు, తుఫాను, ఓడవాళ్లు చీట్లు వేసి సముద్రంలో పడేయడం, పెద్ద చేప మింగడం, మూడు రోజుల తర్వాత ఒడ్డున కక్కడం, ఈ కథ తెలియనివాళ్లు తక్కువే. దీన్ని గీసిన ఫ్రెంచి ఆయన, పేరెందుకు తెలియదో చివర్లో చెప్తాను, ఇదంతా ఒకే కాగితం మీద వేశాడు. ఎడమవైపు ఓడ, మధ్యలో చేప, కుడివైపు నీనెవె కోటగుమ్మం, దాని బయట తీగ కింద మూతి ముడుచుకుని కూర్చున్న యోనా. అంటే ఒకే బొమ్మలో యోనా మూడుసార్లు కనిపిస్తాడు. శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డ మీద రాముడు ఎన్నిసార్లు కనిపిస్తాడు? అలాగే ఇదీ, ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోవాలి. కింద ఫ్రెంచిలో జోనాస్ అని ఉంటుంది, అది యోనా పేరేనని తెలియక మా తాతయ్య చాలాకాలం పటం అమ్మినవాడి పేరనుకున్నాడు.

ఈ పటం మా నాయనమ్మ ఫిరంగిపురం నుంచి కాపరానికి వస్తూ తెచ్చుకుంది. వాళ్ల నాన్న చర్చిలో వడ్రంగం పని చేసేవాడు, పాత ఫాదర్ గారెవరో ఊరు మారుతూ ఇచ్చి వెళ్లారట. చిన్నప్పుడు దాని కిందే మాకు కంచాలు పెట్టేవాళ్లు. చేప కడుపులో వెలుగు కనబడుతుంది, దీపం మాత్రం ఎక్కడా లేదు, అందుకని రోజూ అడిగేవాణ్ని, నాయనమ్మా చేప కడుపులో దీపం ఎవరు పెట్టారే అని. ఎవరో పెట్టార్లే, నువ్వు అన్నం తిను అనేది. ఆ దీపం సంగతి నాకు మళ్లీ ముప్ఫై ఏళ్లకు గానీ తెలియలేదు, చెప్తాను.

నేను విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో 34 ఏళ్లు పనిచేశాను. మొదట హెల్పర్, తర్వాత ప్లేట్ మేకింగ్, తర్వాత మెషిన్. కాబట్టి కాగితం మీద రంగు ఎలా కూర్చుంటుందో నాకు కొంచెం తెలుసు. రంగులు అచ్చేసేవాళ్లం జేబులో ఒక చిన్న లెన్స్ పెట్టుకుంటాం, లూప్ అంటాం. ఇవాళ్టి క్యాలెండర్ మీద అది పెట్టి చూస్తే రంగంతా వరసలు కట్టిన చుక్కలే, నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా కూడి ఉంటాయి. మా నాయనమ్మ పటం మీద పెడితే వరసలు లేవు. ఇసక చల్లినట్టు, గరుకు గోడ మీద బొగ్గు రాసినట్టు, చిన్నా పెద్దా గింజలు అడ్డదిడ్డంగా ఉంటాయి. అది కుంచె గీత కాదు, రాయి మీద జిడ్డు పెన్సిల్ గీత. దాన్నే లిథోగ్రాఫ్ అంటారు, తెలుగులో శిలాముద్రణ అని పుస్తకాల్లో రాస్తారు, మా వాళ్లంతా లిథో అనేవాళ్లు. దాన్ని పట్టుకుని ఆయిల్ పెయింటింగ్ అంటే ఆవకాయని పచ్చిపులుసు అన్నట్టు ఉంది.

ఈ లిథో పుట్టిన కథ మీ అనుబంధంలో ఒక పేజీకి సరిపోతుంది. అలోయిస్ సెనెఫెల్డర్ అని జర్మనీలో మ్యూనిక్ నగరంలో ఒక నాటకాల రచయిత ఉండేవాడు. తన నాటకాలు అచ్చేయించుకోవడానికి డబ్బుల్లేక ఇంట్లోనే రకరకాల ప్రయోగాలు చేసేవాడు. 1796లో ఒకరోజు వాళ్లమ్మ చాకలి పద్దు రాయమంది, చేతిలో కాగితం లేదు, ఎదురుగా నున్నగా అరగదీసిన సున్నపురాయి ఉంటే మైనం కలిసిన సిరాతో దాని మీదే రాసేశాడు. ఈ సంగతి ఆయనే రాసుకున్నాడు. అక్కడి నుంచి తవ్వుకుంటూ వెళ్లి తేల్చింది ఏమిటంటే, జిడ్డుకీ నీళ్లకీ పడదు. రాయి మీద జిడ్డుతో బొమ్మ గీస్తారు, బంకా కాస్త ఆమ్లమూ కలిపి పూస్తారు, తర్వాత రాయిని తడుపుతారు. గీయని చోట నీళ్లు నిలుస్తాయి, గీసిన చోట నిలవవు. పైన జిడ్డు సిరా రోలరు నడిపిస్తే తడి ఉన్నచోట అంటదు, గీత ఉన్నచోట మాత్రం అంటుకుంటుంది. కాగితం వేసి ఒత్తితే బొమ్మ. అంతే అండీ. చెక్కడం లేదు, తొలచడం లేదు. చేత్తో పెన్సిల్ పట్టగలిగినవాడు ఎవడైనా తన గీతని తానే అచ్చుకి ఇవ్వొచ్చు, కాకపోతే అద్దంలో చూసినట్టు తిరగేసి గీయాలి.

విజయవాడలో ఇవాళ నడుస్తున్న ప్రతి ఆఫ్‌సెట్ మెషినూ ఈ సూత్రం మీదే నడుస్తోంది. రాయి పోయి అల్యూమినియం ప్లేటు వచ్చింది, ప్లేటుకీ కాగితానికీ మధ్య బ్లాంకెట్ అనే రబ్బరు షీటు చేరింది, అంతే తేడా. మేమూ ప్లేటుకి నీళ్లు పెట్టేవాళ్లం, మెషిన్ ఆపితే గమ్ పూసేవాళ్లం, ఆ గమ్ కూడా మన తుమ్మబంకకి చుట్టమే. ఒకసారి ఒక కొత్త కుర్రాడు గమ్ పూయడం మర్చిపోయి టిఫినుకి వెళ్తే వెయ్యి పెళ్లి కార్డులు బూడిదరంగులో వచ్చాయి, ఆ గొడవ ఇప్పుడెందుకులెండి.

ఆ రాయి ఎక్కడిదో కూడా చెప్పాలి. బవేరియాలో జోల్న్‌హోఫెన్ అనే ఊరి గనుల్లోది. జాతి చూస్తే మన పల్నాడు సున్నపురాయే, కానీ గింజ ఎంత మెత్తనంటే చెంప మీద చెయ్యి రాసినట్టు ఉంటుందట. అచ్చుకోసం ఆ రాళ్లు పలకలుగా చీలుస్తుంటేనే 1861 ప్రాంతంలో ఒక వింత జంతువు బయటపడింది. ఈకలున్నాయి, పక్షి అనుకుందామంటే నోట్లో పళ్లు, బల్లికున్నట్టు పొడుగు తోక ఎముక. ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అని పేరు పెట్టారు, లిథో రాళ్లలో దొరికింది కాబట్టి. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చేపకి చెవులా అని నవ్విన మీ అబ్బాయికి అదే రాతి లోపల ఏం పడుకుని ఉందో తెలిస్తే బాగుంటుందని.

రంగుల సంగతి ఒక్క మాట. మా పటంలో రాయితో అచ్చయింది నలుపు ఒక్కటే, మిగతా రంగులు చేత్తో అద్దినవి. అప్పట్లో పారిస్‌లో ఆడవాళ్లు, పిల్లలు వరసగా కూర్చుని ఒకరు నీలం, ఒకరు ఎరుపు అద్దుకుంటూ పోయేవాళ్లు. అందుకే ఎరుపు చేప మూతి దాటి సముద్రంలోకి కారింది. మీ అబ్బాయికి అది ఆయిల్ పెయింట్ లాగా కనిపించినట్టుంది. రంగు రంగుకీ వేరే రాయి పెట్టి అచ్చేసే పద్ధతికి ఎంగెల్మాన్ అనే ఆయన 1837లో పేటెంటు తీసుకున్నాడు, మనవాళ్ల ఇళ్లలో రవివర్మ లక్ష్మీ, సరస్వతి పటాలు ఉంటాయే, అవి ఆ పద్ధతిలోవి. 1894లో రవివర్మ బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో రాళ్ల మీదే అచ్చయ్యాయి. అంటే పూజగదిలో రవివర్మ పటం ఉన్నవాళ్లకీ, మా ఇంట్లో యోనాకీ రాయి వరసలో చుట్టరికం ఉంది.

డోరే సంగతి త్వరగా ముగిస్తాను. ఫ్రెంచి బైబిల్ బొమ్మ అనగానే అందరికీ ఆయన పేరే గుర్తొస్తుంది, తప్పు లేదు, 1866లో వచ్చిన ఆయన బైబిల్ బొమ్మలు ప్రపంచమంతా తిరిగాయి, మన తెలుగు సండే స్కూలు పుస్తకాల్లో కూడా ఎన్నిసార్లు దిగాయో. కానీ అవి చెక్క మీద చెక్కి అచ్చేసినవి. డోరే గీసి ఇస్తే చెక్కేవాళ్లు వేరే ఉండేవారు. గీతలన్నీ సన్నగా పక్కపక్కన దువ్వినట్టు ఉంటాయి. మా పటంలో ఆ దువ్వెన గీత ఎక్కడా లేదు. లెన్స్ కూడా అక్కర్లేదు, కళ్లద్దాలు చాలు.

ఇక తప్పులు.

మేకకి కట్టింది చీర కాదు, గోనె. యోనా గ్రంథం 3వ అధ్యాయం 8వ వచనం తీయండి. నీనెవె రాజు భయపడి మనుషులే కాదు, పశువులు కూడా గోనెపట్ట కట్టుకోవాలని చాటింపు వేయించాడు. మొత్తం గ్రంథం నాలుగు అధ్యాయాలు, 48 వచనాలు, కాఫీ చల్లారేలోపు అయిపోతుంది. బైబిల్ చదవంది ఎవరో మీరే చెప్పండి. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో గోనె సంచిని చూసి చీర అనుకోవడం ఏమిటో.

చేప చెవులు. బైబిల్ యోనా కథలో చేప ఏ రకమో చెప్పదు. మన తెలుగు బైబిల్లోనే యోనా గ్రంథంలో గొప్ప మత్స్యం అని ఉంటుంది, మత్తయి సువార్త 12వ అధ్యాయానికి వచ్చేసరికి అదే తిమింగిలం అయింది. తిమింగిలం అన్న మాట కూడా చూడండి, తిమి అని ఒక మహామత్స్యం, దాన్ని మింగేది తిమింగిలం, దాన్ని కూడా మింగేది తిమింగిలగిలం. సముద్రం అనగానే మనవాళ్ల ఊహ ఎక్కడా ఆగలేదు. గ్రీకు బైబిల్లో ఈ చేపకి కేటోస్ అన్నారు, గ్రీకువాళ్లకి కేటోస్ అంటే చెవులు, పొడుగు మెడ, మెలికల తోక ఉన్న సముద్రపు భూతం. రోములో తొలి క్రైస్తవులు నేల కింద సమాధి గుహల్లో యోనాని ఎన్నోసార్లు వేశారు, ఆ చేపలకీ ఈ చెవులే. అంటే మా ఫ్రెంచి ఆయన చేపని చూడక కాదు, పదిహేను వందల ఏళ్ల పాతదాన్ని చూసి గీశాడు. అమరావతి స్తూపం శిల్పాల్లో మకరం ఉంది, గుళ్లలో మకరతోరణం ఉంది, ఆ మకరానికి తొండం ఎక్కడిది, పాదాలెక్కడివి, చేప తోకెక్కడిది అని ఎవరైనా అడిగారా?

చేప కడుపు గురించి మీరు ఏమీ రాయలేదు, నాకు బొమ్మ మొత్తంలో ఇష్టమైన చోటు అదే. పక్కటెముకలు చర్చి లోపలి కమానుల్లా పైకి లేచి కలుస్తాయి, కింద యోనా మోకాళ్ల మీద ఉంటాడు, తలకి నాచు చుట్టుకుని ఉంటుంది. ఆ నాచు ఆయన సొంతంగా పెట్టింది కాదు, రెండో అధ్యాయంలో యోనా ప్రార్థనలో తలకు నాచు చుట్టుకుందని ఉంది. కమానులు మాత్రం సొంతం. ఎముకలున్న ఎండుచేపని వెలుతురులో పెట్టి చూసి, తర్వాత చర్చికి వెళ్లి పైకి చూసి ఉంటే తప్ప ఇలా రాదు. ఇక దీపం. లిథోలో తెల్లటి వెలుగు కావాలంటే తెలుపు వేయరు. ముందు ఆ చోటంతా నల్లగా నింపేసి, తర్వాత సూదితోనో చాకుతోనో రాతి మీద నలుపుని గీకేస్తారు. గీకిన చోట సిరా అంటదు, అదే వెలుగు. లెన్స్ పెడితే ఆ గీకుళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. దీపం ఎవరూ పెట్టలేదు నాయనమ్మా, చీకటిని గీకేశారంతే. అప్పటికి ఆవిడ లేదు.

సొరచెట్టు గొడవ ఇంకా పెద్దది, దీని మీద దేశాల్లో కొట్లాటలు జరిగాయి, నిజంగానే. చివరి అధ్యాయంలో యోనా ఊరి బయట ఎండలో కూర్చుంటే దేవుడు నీడ కోసం ఒక మొక్కని మొలిపిస్తాడు, తెల్లారేసరికి పురుగు తొలిచి ఎండిపోతుంది. హీబ్రూలో ఆ మొక్క పేరు కీకాయోన్, బైబిల్ మొత్తంలో ఆ మాట ఈ కథలో తప్ప ఇంకెక్కడా రాదు. ఇప్పటి పండితుల్లో ఎక్కువమంది అది ఆముదం చెట్టు అంటారు. గ్రీకు బైబిల్లో సొర జాతి మాట పెట్టారు. తర్వాత జెరోమ్ అనే పండితుడు లాటిన్లోకి చేస్తూ దాన్ని ఐవీ అనే పాకుడు తీగ చేశారు. ఇప్పటి లిబియాలో ట్రిపోలీ ఉన్న ఊళ్లో ఒక బిషప్పు ఈ కొత్త అనువాదం చదివితే జనం లేచి అల్లరి చేశారు, చిన్నప్పటి నుంచి వింటున్న సొర ఏమైందని, ఆ బిషప్పుకి చర్చిలో జనం మిగలని పరిస్థితి వచ్చింది. ఈ సంగతి అగస్టీన్ అనే ఇంకో బిషప్పు గారే జెరోమ్‌కి ఉత్తరం రాశారు, 5వ శతాబ్దం మొదట్లో. ఆ చెట్టుకి లాటిన్లో పేరు లేదు, నన్నేం చేయమంటారని జెరోమ్ గారు చిరాగ్గా జవాబిచ్చారు. ఫ్రాన్సులో కాథలిక్కులు చదువుకున్నది ఆ లాటిన్ బైబిల్ నుంచి వచ్చిందే. అందుకే మా పటంలో యోనా నెత్తి మీద ఐవీ తీగ. ఆయన బైబిల్లో ఉన్నది ఆయన గీశాడు, మీ బైబిల్లో ఉన్నది మీరు వెతికారు.

మా ప్రెస్సులో నాతో పాటు మెషిన్ మీద పనిచేసిన ఒక భాయ్ ఉండేవాడు, పేరు వద్దులెండి. ఒకసారి మా ఇంటికి వచ్చి ఈ పటం చూసి, ఈయన మా యూనుస్ ప్రవక్త కదా, కానీ ఆ ఆకు తప్పు, ఖురాన్‌లో ఆయనకి సొరపాదే నీడనిచ్చింది అన్నాడు. నిజమే, 37వ సూరాలో ఉంది. అప్పుడు మా నాయనమ్మ తెలుగు బైబిలూ, భాయ్ ఖురానూ ఒక పక్క, ఫ్రెంచి ఆయన ఒక పక్క అయ్యారు. అయినా ఒకమాట, సొరచెట్టు ఏమిటండీ? సొరపాదు అంటాం గానీ. ఆ తెలుగు చేసినవాళ్లు ఎవరో ఇంటి వెనక పందిరి వేసినవాళ్లు కాదనిపిస్తుంది. ఆముదం అని ఉంటే చెట్టు అన్నా చెల్లేది.

ఇప్పుడు ఎద్దు.

పటం కుడివైపు కోటగుమ్మానికి అటూ ఇటూ రెక్కలున్న ఎద్దులు, వాటికి మనిషి తల, చుట్టలు చుట్టిన గడ్డం. మనవైపు తిరిగినదానికి కాళ్లు లెక్కపెడితే ఐదు. నేనూ చిన్నప్పటి నుంచి లెక్కపెట్టి నవ్వుకున్నవాణ్నే. 1980ల్లో మా ప్రెస్సుకి ఒక చరిత్ర పుస్తకం వచ్చింది, రాత్రి షిఫ్టులో నేనే మెషిన్ మీద ఉన్నాను, ఒక పేజీలో రాతి ఎద్దు ఫొటో, దానికి ఐదు కాళ్లు. ప్లేటు డబుల్ పడిందనుకుని మెషిన్ ఆపేశాను. బ్లాంకెట్ తుడిచాను, ప్లేటు బిగింపు చూశాను, మళ్లీ వేస్తే మళ్లీ ఐదే. ఓనర్ గారిని నిద్ర లేపితే ఆయన తిట్టుకుంటూ వచ్చి ఒరిజినల్ ఫొటో తీసి చూపించాడు, దాంట్లోనూ ఐదే. కింద లూవ్ర్ మ్యూజియం, పారిస్ అని ఉంది. ఆ గడ్డం, ఆ రెక్కలు, ఆ కిరీటం, మా ఇంట్లో అన్నం తింటూ చూసిన ఎద్దే. షిఫ్టు అయ్యాక మొదటి బస్సుకి గుంటూరు వచ్చి స్టూలెక్కి పటం దించాను.

సంగతి ఇదీ. ఆ ఎద్దులు ఇప్పటి ఇరాక్ ఉత్తరాన అస్సీరియా రాజుల, అంటే నీనెవెని ఏలినవాళ్ల, కోటగుమ్మాలకి కాపలా పెట్టినవి. ఎదురుగా నిలబడి చూస్తే ముందు రెండు కాళ్లు ఆనించి కదలకుండా నిలబడ్డట్టు కనబడాలి, పక్కనుంచి లోపలికి వెళ్లేవాడికి నాలుగు కాళ్లతో నడుస్తున్నట్టు కనబడాలి. ఒకే రాయిలో రెండూ కావాలంటే ఐదో కాలు పెట్టాల్సిందే. చెక్కినవాడికి లెక్కలు బాగా వచ్చు కాబట్టే ఐదు. యోనా కథ జరిగిందని చెప్పే కాలమూ, లూవ్ర్‌లో ఉన్న ఎద్దులు దొరికిన కోట కట్టిన అస్సీరియా సర్గాన్ రాజు కాలమూ దాదాపు ఒకటే, క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం. రెండున్నర వేల ఏళ్లు ఆ ఎద్దులు మట్టి కిందే ఉన్నాయి, ఎవరికీ తెలియదు. 1842లో మోసుల్‌లో ఫ్రెంచి కాన్సులుగా ఉన్న పాల్ ఎమిల్ బొట్టా తవ్వకం మొదలుపెట్టాడు, మరుసటి ఏడు దగ్గర్లోని ఖోర్సాబాద్‌లో కోట బయటపడింది, నీనెవె దొరికిందని ఆయన పారిస్‌కి కబురు పంపాడు. అది నీనెవె కాదు, పక్క ఊరు, అది తర్వాత తేలింది. తవ్వి తీసిన ఎద్దులు 4 మీటర్లకు పైగా ఎత్తున్నవి, టైగ్రిస్ నది మీద తెప్పలు కట్టి, సముద్రం మీద ఓడకెక్కించి పారిస్ చేర్చారు, 1847లో లూవ్ర్‌లో జనానికి చూపించారు. 1842 అనగానే మన గుంటూరు వాళ్లకి ఇంకోటి గుర్తు రావాలి, అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హెయ్యర్ గారు గుంటూరులో దిగింది ఆ ఏడే. మాది ఆ సంఘం కాదు, అయినా ఆ అంకె చూస్తే నాకు సరదాగా ఉంటుంది.

కాబట్టి మా పటం 1847కి ముందుది అయ్యే అవకాశం దాదాపు లేదు. గీసినాయన లూవ్ర్‌కి వెళ్లి ఆ ఎద్దు పక్కన నిలబడి ఉండాలి, లేదా చూసినవాడు వేసిన బొమ్మ చూసి ఉండాలి. అంతకుముందు ఎవరు నీనెవె గీసినా అది రోములాగానో, వాళ్ల సొంత ఊరిలాగానో ఉండేది, వేరే దారి లేదు. ఈయన కళ్ల ముందు యోనా చూసి ఉండదగ్గ గుమ్మం కొత్తగా వచ్చి పడింది, వెంటనే దాన్ని కథలో నిలబెట్టాడు, కాళ్లు లెక్కపెట్టి ఐదూ వేశాడు. మొత్తం బొమ్మలో అక్షరాలా ఉన్నది ఉన్నట్టు వేసిన ముక్క అదొక్కటే. మీరు వెక్కిరించడానికి దాన్నే ఎంచుకున్నారు, అదీ నా బాధ.

నిజంగా తప్పు పట్టాలంటే ఓడ ఉంది, దాన్ని మీరు వదిలేశారు. ఓడ పక్కన చదరపు కన్నాలు వరసగా ఉన్నాయి, ఒకదాంట్లోంచి ఫిరంగి మూతి బయటకి కనిపిస్తోంది. యోనా కాలంలో ఫిరంగి! దానికి నా దగ్గర ఏ సమాధానమూ లేదు, ఫిరంగిపురం నుంచి వచ్చిన పటం కదా అని మా మనవరాలు అంటుంది.

ఊహించడం తప్పు కాదని వేరే చెప్పాలా అండీ. తోలుబొమ్మలాటలో రావణుడి సభ నడుస్తుండగా కేతిగాడూ బంగారక్కా దూరి కొట్టుకుంటారు, వాల్మీకి రాశాడా? లక్ష్మణరేఖ వాల్మీకంలో లేదు. క్రిస్మస్‌కి పశువుల పాకలో ముగ్గురు జ్ఞానుల బొమ్మలు పెడతాం, ముగ్గురే అని మత్తయి ఎక్కడా లెక్క చెప్పలేదు. ఫ్రాన్సులోనే ఓడిలాన్ రెడాన్ అని ఒకాయన ఉండేవాడు, 1899లో ప్రకటన గ్రంథానికి 12 లిథోలు వేశాడు, రంగే లేదు, అన్నీ నలుపు. ఒక్కో బొమ్మ కింద ఒక్కో వచనం ముక్క, దాని మీద కూర్చున్నవాని పేరు మృత్యువు, ఇలా. ఆ గ్రంథంలో ఉన్నవి ఎవరూ కళ్లతో చూసినవి కావు, చూసినట్టు గీయాలంటే ఊహ కాక ఇంకేం కావాలి. మా పటం వేసినాయన రెడాన్ అంత గొప్పవాడని నేననను. చేతులు సరిగ్గా రాలేదు, ఓడవాళ్ల మొహాలన్నీ ఒకటే మొహం. కానీ కథ చెప్పని చోట తను ఊహించాడు, చెప్పిన చోట దాటలేదు, కొత్తగా తెలిసింది వదల్లేదు. నేను ప్రెస్సులో చూసిన చాలామంది ఆర్టిస్టుల కంటే శ్రద్ధగలవాడు.

ఆయన పేరు చెప్పలేకపోవడానికి కారణం ఉంది. ఫ్రెంచి లిథోల్లో బొమ్మ కింద అంచున సన్న అక్షరాల్లో గీసినవాడి పేరు, అచ్చేసిన వర్క్‌షాపు పేరు, ఊరు ఉంటాయి. మా పటానికీ ఉండేవి, పారిస్ అన్న మాట నేను చూశాను. పాతికేళ్ల కిందట అద్దం పగిలితే ఒక ఫ్రేముల షాపులో ఇచ్చాను, వాళ్ల దగ్గర సైజు ఫ్రేము లేదు, కింద అంచు రెండంగుళాలు కత్తిరించి బిగించేశారు. జోనాస్ అన్న పెద్ద అక్షరాలు మిగిలాయి, మిగతాది వాళ్ల చెత్తబుట్టలో పోయింది. పైగా నీట్‌గా కుదిరింది సార్ అన్నాడు. ఈ ఉత్తరం వేస్తే ఆ ఒక్క ముక్క తప్పకుండా వేయండి, ఇంట్లో పాత పటం ఉన్నవాళ్లు రవివర్మదైనా, మక్కా పటమైనా, మా యోనా లాంటిదైనా అంచు కత్తిరించనివ్వొద్దని, ల్యామినేషన్ అసలు చేయించొద్దని. ల్యామినేషన్ వేడికి రంగు మారుతుంది, ఆ ప్లాస్టిక్ మళ్లీ ఊడదు.

విలేకరి అబ్బాయిని మళ్లీ పంపండి, కోపం ఏమీ లేదు. మధ్యాహ్నం మూడు దాటాక రమ్మనండి, అప్పుడు కిటికీలోంచి వెలుతురు పక్కగా పడుతుంది, ఫ్లాష్ అక్కర్లేదు. లూప్ నా దగ్గర ఉంది. సవరణ వేసేటప్పుడు తైలవర్ణం తీసేయండి, డోరేని తీసేయండి, మేక చీర తీసేయండి. ఐదు కాళ్లు అన్నమాట మాత్రం తీయకండి, అది అలాగే ఉంచి, ఎందుకో కింద ఒక వాక్యం రాయండి.

ఇట్లు,
మీ పాత చందాదారుడు,
గుంటూరు